అమ్ము పేరు మీద టిక్కెట్టు

ఫోన్లో బ్యాంకు అమ్మాయి ఎంతో మర్యాదగా మాట్లాడింది. క్రెడిట్ కార్డు పాయింట్ల మీద అడిగిన టిక్కెట్టు జారీ అయిపోయిందని, దోహా నుంచి సింగపూర్‌కి, రానూపోనూ అని, కిటికీ పక్క సీటు కావాలన్న సంగతి కూడా రాసుకున్నామని, తేదీ ఎప్పుడంటే అప్పుడు వేయించుకోవచ్చని చెప్పింది. చివరికి "పాపకి మా తరఫున శుభప్రయాణం సార్" అని పెట్టేసింది. ఆ పాప చనిపోయి అప్పటికి ఏడాది దాటింది.

సుధాకరరావు అక్కడా ఇక్కడా ఫోన్లు చేసి కనుక్కుని, ఆఫీసులో కుర్చీ మీంచి లేచి, ఎవరికీ చెప్పకుండా కారెక్కి, తిన్నగా అల్ దోహా అల్ జదీదాలో క్యాసెట్ల షాపు పైన ఉన్న చిన్న గదికి వచ్చాడు. అది డిటెక్టివ్ పరాంకుశం ఆఫీసు. విజయవాడలో పోలీసు ఉద్యోగం మానేసి వచ్చిన పరాంకుశం, ఖతార్‌లో ఇన్సూరెన్సు కంపెనీలకు దర్యాప్తులు చేసిపెడుతూ బతుకుతున్నాడు. మనిషి పీలగా ఉంటాడు, మాట మాత్రం గట్టిది. ఆయన అసిస్టెంట్ ఇక్బాల్‌ది హైదరాబాద్ మల్లేపల్లి. తన సార్ ఎదుటి మనిషి చెప్పులు చూసి వాళ్ళింట్లో ఏం కూర వండారో చెప్పేయగలడని ఇక్బాల్ నమ్మకం. పరాంకుశం ఎన్నిసార్లు కాదన్నా ఆ నమ్మకం తగ్గలేదు.

"దెయ్యాల కథ చెబుతున్నాననుకోకండి," అన్నాడు సుధాకరరావు. మంచినీళ్ళ గ్లాసు అందుకున్నాడు గానీ తాగలేదు. "ఎవరో మా అమ్ము పేరు వాడుకున్నారు. దొంగ ఎవరో నాకు తెలుసు. రుజువు కావాలి."

"ఎవరు?"

"మా బావమరిది అమర్నాథ్. ట్రావెల్ ఏజెన్సీలో టిక్కెట్లు రాసేది వాడే. అమ్ము టిక్కెట్టు రాసిందీ వాడేనని ఫోన్ చేసి కనుక్కున్నాను. బ్యాంకుకి ఫోన్ చేసింది ఎవరో ఆడమనిషట. వాడే ఎవరిచేతనో చేయించి ఉంటాడు. వాడికి అప్పులున్నాయి. టిక్కెట్టు వెనక్కిచ్చి డబ్బు చేసుకుందామనుకున్నాడేమో. అడిగితే నోరు విప్పడు."

"పోలీసుల దగ్గరికి వెళ్ళలేదేం?"

"గురువారం దాకా చూస్తాను. అప్పటికి తేలకపోతే శనివారం కంప్లయింటు ఇస్తాను. జైల్లో పెడతారో, దేశం నుంచి పంపించేస్తారో వాళ్ళిష్టం." ఆయన గ్లాసు బల్ల మీద పెట్టాడు. "ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. మా ఆవిడకి ఈ సంగతి తెలియకూడదు. పాప పోయిన దగ్గర్నుంచీ మా ఇంట్లో దాని పేరెత్తం. ఆవిడ తట్టుకోలేదు."

పరాంకుశం పాయింట్ల గురించి అడిగాడు. ఆ కార్డు మీద ఎంత కొంటే అన్ని పాయింట్లు. పాయింట్లు పోగైతే విమానం టిక్కెట్టు ఉచితం. ఒక్క సంసారం ఖర్చుతో అవి ఎప్పటికి పోగవుతాయి? అందుకని సుధాకరరావు ఓ ఉపాయం కనిపెట్టాడు. శుక్రవారం సాయంత్రాలు బంగారం కొట్ల దగ్గరా, ఎలక్ట్రానిక్స్ షాపుల దగ్గరా నిలబడేవాడు. సెలవు మీద ఇండియా వెళ్ళేవాళ్ళు గొలుసులూ, టేపురికార్డర్లూ, కంబళ్ళూ కొంటుంటే బిల్లు తన కార్డు మీద గీకించి, వాళ్ళ దగ్గర నగదు తీసుకునేవాడు. వాళ్ళకి పోయేదేమీ లేదు, ఈయనకి పాయింట్లు. ఆఫీసులో అందరి టిక్కెట్లూ ఆయన కార్డు మీదే.

"అమ్ము నాతో వచ్చేది," అన్నాడు. "కౌంటరు దగ్గర స్టూలెక్కి కూర్చుని, 'అంకుల్, మా నాన్న కార్డు గీకుతాడు, మీరు డబ్బులు ఆయనకివ్వండి' అని అడిగేది. పెద్దవాళ్ళు నాకు కాదన్నా దానికి కాదనలేకపోయేవాళ్ళు. సింగపూర్‌లో పెంగ్విన్లున్నాయని ఎక్కడో బొమ్మల్లో చూసింది. వాటికోసమే ఇదంతా. పుట్టుకతో గుండె జబ్బు దానికి. వెళ్ళకుండానే పోయింది. ఆ తర్వాత ఆ కార్డు నేను ముట్టుకోలేదు. ఇంట్లో బీరువాలో పడేశాను. బ్యాంకు కవర్లొచ్చినా విప్పేవాణ్ణి కాదు."

ఇక్బాల్ తలుపు వైపు తిరిగి నిలబడ్డాడు. అతని కళ్ళు చెమర్చాయి, అది సార్ చూడకూడదు.

మర్నాడు సుధాకరరావు రాసిచ్చిన చీటీతో ఇద్దరూ బ్యాంకుకి వెళ్ళారు. ఆ ఫోను అందుకున్న ఉద్యోగి జకియాది కూడా హైదరాబాదే, ఇక్బాల్‌కి దూరపు చుట్టం.

"నాకు మంచిగ యాదికుంది," అంది జకియా. "కార్డు నెంబరు, సార్ పుట్టినతేది, ఇంటి ఫోన్‌నెంబరు అన్నీ కరెక్ట్‌గ చెప్పింది. ఇంట్లకెంచి మాట్లాడుతున్న అన్నది. ఉర్దూల మాట్లాడింది గని మనదిక్కు యాస గాదు."

"ఏమేం అడిగింది?"

"పాపకి ఒక్క టిక్కెట్టు గావాలె అన్నది. అకౌంట్ల ముగ్గురికి సరిపోయే పాయింట్లున్నయి, అందరికీ తీస్కోరాదమ్మా అన్న. వద్దన్నది. వయసెంత అంటే, తొమ్మిదేండ్లు, మొన్ననే నిండినయి అన్నది. కిటికీ సీటు రాస్కోమన్నది. తేది మాత్రం చెప్పలే. టిక్కెట్టు తీస్తే ఇగ ఈ పాయింట్లకి ఏం గాదు గదా అని మూడుసార్లడిగింది."

"ఏం కావడమేమిటి?"

"ఏడాది పైన కార్డు వాడకుంటే పాయింట్లు రద్దయితయి సార్. వాళ్ళవన్నీ ఈ గురువారం ఒంటిగంటకి బ్యాంకు బంద్ కాంగనే పోతయి. అందరికీ ముందే ఉత్తరాలు పంపినం."

పరాంకుశం మరేమీ అడగలేదు. బయటికొచ్చాక ఇక్బాల్ ఆగలేకపోయాడు. "దొంగ దొరికిండా సార్?"

"దొంగ దొరకడేమో అని భయంగా ఉందోయ్," అన్నాడు పరాంకుశం. ఇక్బాల్‌కి అర్థం కాలేదు. అర్థం కాని మాటే అన్నింటికన్నా గొప్పదని అతనికో లెక్క కాబట్టి, తృప్తిగా కారు తాళం తీశాడు.

అమర్నాథ్ ట్రావెల్ ఏజెన్సీలో వెనక గదిలో దొరికాడు. ముప్పై నిండని కుర్రాడు, గడ్డం మాసి ఉంది.

"టిక్కెట్టు నేనే రాశానండి. బ్యాంకు వోచరొచ్చింది, రాశాను."

"చనిపోయిన పాప పేరు చూసి కూడానా?"

"రాశాను."

"ఎవరికిచ్చావు?"

అమర్నాథ్ బల్ల మీది కాగితాలు సర్దసాగాడు.

"శనివారం మీ బావగారు కంప్లయింటిస్తారు. ఉద్యోగం పోతుంది, వీసా పోతుంది. తెలుసుగా?"

"పోనివ్వండి." అమర్నాథ్ గొంతు హఠాత్తుగా పెరిగింది. "బావగారు పాయింట్లు పోయాయని బాధపడుతున్నారా? పాప ఉండగా ఆయన దగ్గర డబ్బు లేకనా అండీ? డాక్టరు చెప్పాడు, ఇప్పుడు బాగానే ఉంది, ముచ్చటపడ్డచోటికి తీసుకెళ్ళి రండని. నేను మూడు టిక్కెట్లు రాసి పెట్టాను కూడా. రంజాన్‌లో బ్యాంకువాళ్ళు పాయింట్లు రెట్టింపు ఇస్తున్నారు, ఒక్క నెలాగితే ముగ్గురికీ ఉచితంగా వస్తాయన్నారు ఆయన. వచ్చాయి. పాప అప్పటికి వారం కిందటే పోయింది."

అతను మొహం తిప్పుకున్నాడు. పరాంకుశం ఆ కుర్రాడి భుజం తట్టి బయటికి నడిచాడు. ఆయనకి సుధాకరరావు మీద కోపం వచ్చింది. ఆ వెంటనే, తానైనా అదే పని చేసి ఉండేవాణ్ణేమోనని కూడా అనిపించింది.

సాయంత్రం వాళ్ళు మదీనత్ ఖలీఫాలోని సుధాకరరావు ఇంటికి, ఇన్సూరెన్సు పని అని చెప్పి వెళ్ళారు. అనంతలక్ష్మి టీ ఇచ్చి, రెండు మాటలు మాట్లాడి లోపలికి వెళ్ళిపోయింది. నెమ్మదైన మనిషి. ఇంట్లో ఎక్కడా పాప ఫోటో లేదు. వంటపనికుండే అంకాలమ్మ పెరట్లో బట్టలు తీస్తోంది. కడప జిల్లా మనిషి.

"ఆ బీరువాకి తాళం వేస్తారా అంకాలమ్మా?" అని అడిగాడు పరాంకుశం.

"ల్యా సార్. యాడిదాడ్నే ఉంటాది. నేను మాత్రం దాని జోలికి పోను."

"నీకు హిందీ వచ్చా? బ్యాంకులకీ వాటికీ ఫోన్ చేస్తుంటావా?"

"కూరగాయలోనితో మాట్లాడే మాత్రం వస్తాది. ఫోను నెంబర్లు తిప్పేది నాకు తెల్దు సార్, నా కొడుక్కి కూడా అమ్మగారే కలిపిస్తారు."

"ఈ మధ్య ఇంటికి చుట్టాలెవరైనా వచ్చారా? పండగలూ పబ్బాలూ?"

అంకాలమ్మ ఆలోచించింది. "ఎవురూ రాల్యా. ఈ నడుమ ఒగదినం అమ్మగారు సేమ్యా పాయసం చేసినారు. ఏం పండగమ్మా అంటే, ఏం ల్యాదులే అన్న్యారు. మూడు గిన్నెల్లో పోసి పెట్టుకోని కూర్చున్న్యారు. సారు ఆ పొద్దు డ్యూటీ నుంచి ఆలస్యంగా వచ్చినారు. ఎవురూ తినల్యా. అన్నీ నేనే పారబోసి కడిగినా."

కారెక్కాక పరాంకుశం ఆ ఇంటి వైపే చూస్తూ కూర్చున్నాడు. ఇక్బాల్ 'యల్లా', ఇక పోదాం, అందామనుకుని కూడా ఊరుకున్నాడు.

గురువారం మధ్యాహ్నం సుధాకరరావు ఇంటి హాల్లో అందరూ కూర్చున్నారు. భార్య కూడా ఉండాలని పరాంకుశం పట్టుబట్టాడు. కుదరదని సుధాకరరావు గుమ్మంలోనే అడ్డుపడ్డాడు.

"ఆవిడ లేకుండా ఇది తేలదండీ," అన్నాడు పరాంకుశం. "ఆవిడ తమ్ముడి బతుకు ఇది. ఆవిడకి తెలియనక్కర్లేదా?"

అనంతలక్ష్మి సోఫా చివర కూర్చుంది. అమర్నాథ్ తల వంచుకుని ఎదురుగా, అంకాలమ్మ వంటింటి గుమ్మం దగ్గర. పరాంకుశం నిలబడే మాట్లాడాడు.

"అమ్మా, అమ్ము పేరు మీద ఒక టిక్కెట్టు జారీ అయింది. మీ వారు దాన్ని దొంగతనం అనుకున్నారు. మీ తమ్ముణ్ణి అనుమానించారు. శనివారం పోలీసులకి అప్పగిస్తానన్నారు."

అనంతలక్ష్మి ఉలిక్కిపడి తమ్ముడి వైపు చూసింది. ఏదో అనబోయింది. పరాంకుశం చెయ్యి కొద్దిగా ఎత్తాడు. "ఒక్క నిమిషమమ్మా. ముందు ఇతను ఎందుకు కాడో చెప్పనివ్వండి. ఇతనే దొంగైతే ముగ్గురి పాయింట్లూ తీసుకునేవాడు, ఒకటే తీసుకోడు. ఎవరూ ఎక్కలేని పేరు మీద టిక్కెట్టు రాసుకుని, రాసింది నేనే అని ఒప్పుకోడు. అంకాలమ్మా కాదు. ఆమెకి ఫోన్ నెంబరు తిప్పడమే రాదు."

"మరెవరండీ?" అన్నాడు సుధాకరరావు విసుగ్గా.

"ఫోన్ చేసిన మనిషి ప్రయాణం తేదీ చెప్పలేదు. దొంగకి ముందు కావలసింది తేదీ. ఈమె అడిగిందల్లా ఒక్కటే, టిక్కెట్టు తీస్తే ఈ పాయింట్లకి ఇక ఏమీ కాదు కదా అని. అవి ఇవాళ్టితో రద్దవుతాయి. మీరు విప్పని ఆ కవర్లో ఉన్న కబురు అదే. దాన్ని విప్పింది మరొకరు. ఇంకో మాట. పాప వయసు తొమ్మిదేళ్ళు, మొన్ననే నిండాయి, అంది. సుధాకరరావుగారూ, అమ్ముకి ఎన్నేళ్ళు?"

"ఏడు దాటి..." అని ఆయన ఆగిపోయాడు. "పోయేనాటికి ఏడు దాటి ఎనిమిదో ఏడు నడుస్తోంది."

"మీకూ నాకూ అంతేనండి. పోయినవాళ్ళ వయసు అక్కడే ఆగిపోతుంది. బ్యాంకు అమ్మాయి అడగ్గానే, తడుముకోకుండా, మొన్న తొమ్మిది నిండాయని ఎవరు చెబుతారు? ఈ మధ్య ఓరోజు ఈ ఇంట్లో పాయసం చేసి మూడు గిన్నెల్లో పోశారు. మీరు ఆలస్యంగా వచ్చారు."

సుధాకరరావు మెల్లగా భార్య వైపు తిరిగాడు.

"వీడి తప్పేం లేదండీ," అంది అనంతలక్ష్మి. "మీకు చెప్పొద్దని నేనే ఒట్టు వేయించుకున్నాను. మీరు పాప పేరు వింటే తట్టుకోలేరని. నన్నెవరూ అడగలేదు, అడిగితే చెప్పేదాన్ని." ఆమె కళ్ళు పొడిగానే ఉన్నాయి. "ఆ పాయింట్లు అది అడుక్కుని తెచ్చినవండీ. స్టూలెక్కి, ఊళ్ళో వాళ్ళందరినీ బతిమాలి. గురువారంతో అవి కూడా పోతాయని రాశారు. అవి కూడా పోతాయంటే నా వల్ల కాలేదు."

పరాంకుశం తన పని అయిపోయిందని తెలిసి పక్కకి తప్పుకున్నాడు. ఇక్బాల్ సార్‌ని మెచ్చుకోవడం మర్చిపోయి నేల చూస్తున్నాడు.

"ముగ్గురికీ సరిపోయేవి కదా," అన్నాడు సుధాకరరావు. "ఒక్కటే తీశావేం?"

"వెళ్ళింది అదొక్కత్తే కదండీ."

ఆయన గోడ గడియారం వైపు చూశాడు. ఒంటిగంట కావడానికి ఇంకా కొంచెం ఉంది. దిగ్గున లేచి ఫోను దగ్గరికి పరుగెత్తాడు.

"అమర్, బ్యాంకు నెంబరు చెప్పు. ఇంకా టైముంది. మిగతా రెండూ తీసేద్దాం లక్ష్మీ, నీకూ నాకూ, ముగ్గురికీ ఒకే ఫ్లయిట్‌కి. సెలవు పెడతాను. వెళ్దాం లక్ష్మీ. దాని సీటు దానికే ఉంచుదాం, వెళ్ళి చూసొద్దాం. చెప్పరా, నెంబరు చెప్పు, మూసేస్తారు."

అమర్నాథ్ చెప్పాడు. సుధాకరరావు వేళ్ళు తప్పులు నొక్కుతుంటే మళ్ళీ మొదట్నుంచీ చెప్పాడు. అనంతలక్ష్మి లేచి వచ్చి ఫోను మీద చెయ్యి వేసింది. లైను తెగిపోయింది.

"ఈ తొందర అప్పుడు పడాల్సిందండీ," అంది.

ఆ మాట ఆమె కోపంగా అనలేదు. ఏడాదిగా లోపల దాచుకున్న మాట కాబట్టి మామూలుగానే వచ్చేసింది. సుధాకరరావు రిసీవరు పట్టుకుని అలాగే నిలబడి, "అమ్మూ" అన్నాడు. ఏడాది తర్వాత ఆ ఇంటి మనుషుల్లో ఆ పేరు పలికింది ఆయనే. రెండోసారి అనబోయి అనలేక కింద కూలబడ్డాడు. అనంతలక్ష్మి పక్కన కూర్చుంది గానీ ఆయన్ని ముట్టుకోలేదు. పరాంకుశం ఇక్బాల్‌కి సైగ చేసి, తలుపు చప్పుడు కాకుండా మూసి బయటికి వచ్చాడు. కారు దగ్గరికి చేరేసరికి ఒంటిగంట దాటింది.