దొర తోట దాటిన వాసన

ఫీజీలో వాయిలేవు చెరుకు ఎస్టేట్ లైన్లలో, ఆ వరస గదుల్లో, కాపురమున్న కూలీలు దొర తోట పేరెత్తితే గొంతు తగ్గించేవాళ్లట. ఏయే దేశాల నుంచో మొక్కలు తెప్పించి నాటిన ఆ దొర అక్కడే జ్వరమొచ్చి పోయాడు. తోట అడవైపోయింది. పగలు ఏ వాసనా ఉండదు. పొద్దుగూకిందా... లోపల్నుంచి పూలవాసన గుప్పుమనేది. చీకట్లో పూలు ముడుచుకునేది ఎవరు? మోహినే — మనవాళ్లు తేల్చేశారు.

ఇది ఆ లైన్లలోనే బతికిన పోతయ్య ముసలితనంలో మా నాన్నకు చెప్పిన సంగతి. విన్నది విన్నట్టు చెబుతున్నాను.

పోతయ్య వేలిముద్ర వేసి వచ్చిన అయిదేళ్ల కూలి ఒప్పందం, గిర్మిట్‌లో అది నాలుగో ఏడు. ఒక రాత్రి భార్య జసోద జుట్టులోంచి ఆ వాసనే వచ్చింది.

"ఎక్కడికెళ్లావే?"

"ఎక్కడికెళ్తాను? నీళ్లు పోసుకున్నా."

మర్నాడూ అదే... ఆ మర్నాడూ. తోట పక్క బంగళాలో కూలీల మీద పెత్తనం చేసే కులంబర్ దొర ఉండేవాడు. ఆడమనిషి అటు పోయిందంటే దెయ్యమైనా పట్టి ఉండాలి, వాడైనా పిలిచి ఉండాలి. పోతయ్య దెయ్యమే అయితే బాగుండునని మొక్కుకున్నాడట, పిచ్చి మనిషి!

శనివారం దీపాలవేళ చెరుకు కత్తి పట్టుకుని తోట దారిలో పొంచి కూర్చున్నాడు. ఎవరూ రాలేదు. వాసన మాత్రం వచ్చింది — తోట నుంచి కాదు... ఎదురు తిరిగిన గాలితో వెనక నుంచి, లైన్ల వైపు నుంచి!

లేచి దాని వెంటే నడిచాడు. చెరుకు చేను దాటాడు. కాలవ దాటాడు. వాసన చిక్కబడుతూ, చిక్కబడుతూ... తన గది వెనకాలే ఆగింది.

జసోద అటు తిరిగి తడిజుట్టు ఆరబెట్టుకుంటోంది.

కత్తి లేచింది —

అప్పుడు కనబడింది. స్నానాల తడిక పక్కన నడుమెత్తు తుప్ప, నిండా చీకటి పడ్డాకే విచ్చుకునే తెల్లపూలు. ఫీజీ ఓడెక్కినప్పుడు మనవాళ్లు పంజరాల్లో తెచ్చి వదిలిన పిగిలిపిట్టలే తోటలో పళ్లు తిని ఇక్కడ విత్తనాలు రాల్చాయి. ఆ వారమే తొలిపూత; దాని పక్కన తలారబెట్టుకున్న జసోద జుట్టుకు పట్టింది ఆ వాసనే. వాసన తగిలినవాళ్లు మోహిని లైన్లదాకా వచ్చిందని తలుపులు బిగించుకున్నారే గాని, ఒక్కడూ బయటికొచ్చి చూడలేదు.

జసోద ఇటు తిరిగింది. ఎత్తిన కత్తిని చూసింది.

"ఏందయ్యా... అది?"

"తుప్ప... తుప్ప కొడదామని."

ఆమె అతనికేసి చూస్తూనే వెనక్కి నడిచి గదిలోకి వెళ్లింది. పోతయ్య తుప్పను మొదలంటా నరికాడు. వానలు పడగానే నాలుగు పక్కలా మొలిచింది.

ఆ తర్వాత ముప్పై ఏళ్లు కాపురం చేశారు. జసోద ఒక్క రాత్రి కూడా అతని వైపు వీపు పెట్టి నిద్రపోలేదు.