బోర్డు మీద రెండో వరుస

కరెంటు మీటరు చూసే ఆయన మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. ప్యాంటు కుడి కాలు మోకాలి దాకా మడిచి ఉంది. అమ్మ కుళాయికి రబ్బరు పైపు తగిలించి, ఆయన పిక్క మీది గాయాన్ని సబ్బుతో కడుగుతోంది. అమ్మ ఆసుపత్రిలో నర్సు. పదిహేను నిమిషాలు కడగాలని చెప్పి, గడియారం చూసుకుంటూ మరీ కడుగుతోంది.

ఆ పక్కనే పిచ్చుక నిలబడి ఉంది. పదేళ్ళ ఆ పిల్ల నోరు క్షణం ఊరుకోదని ఇంట్లో అందరూ పిచ్చుక అనే పిలుస్తారు. ఇవాళ మాత్రం ఆ నోట మాట రావడం లేదు. ఆమె రెండు చేతులతో బొగ్గు మెడపట్టీ పట్టుకుని ఉంది. బొగ్గు వాళ్ళ నల్ల కుక్క. కరవాల్సింది కరిచేసి, ఇప్పుడు ఏమీ ఎరగనట్టు తోక ఊపుతోంది.

ఇంటికి ఎవరొచ్చినా "మా బొగ్గు ఏమీ చెయ్యదండీ" అని చెప్పడం పిచ్చుకకు అలవాటు. ఆ మాట ఇప్పుడు చెప్పడానికి లేదు.

"బోర్డు ఉంది కదండీ," అంది చివరికి.

నిజమే, గేటుకే ఉంది. పోయిన నెల తనే రాసింది. నాన్నకు కళ్ళజోళ్ళ షాపు ఉంది. అక్కడ చూపు పరీక్ష చేసే చార్టులో పై వరుస అక్షరాలు ఎంతుంటాయో అంత పెద్దగా, ఎర్ర రంగుతో 'కుక్క ఉంది జాగ్రత్త' అని రాసింది. వీధి చివరికి కూడా కనబడుతోందని నాన్న తెగ మెచ్చుకున్నాడు.

మీటరాయన బోర్డు వైపు చూశాడు.

"చదివానమ్మా. మీటరేమో లోపలుంది, నేనేమో బయటున్నాను. జాగ్రత్త అంటే మరి నన్నేం చెయ్యమని?"

పిచ్చుక మీటరు వైపు చూసింది. అది మెట్ల కింద గోడకు ఉంది. సరిగ్గా దాని కిందే బొగ్గు అన్నం గిన్నె ఉంది. అంకెలు చూద్దామని ఆయన వంగాడు. తన గిన్నె కోసమే వచ్చాడనుకుని బొగ్గు ఊరుకోలేదు.

అమ్మ ఆయన్ని సూది మందుకు ఆసుపత్రికి తీసుకెళ్ళింది. ఈ సంగతి ఆఫీసులో రాసివ్వాల్సి ఉంటుందని వెళ్తూ వెళ్తూ చెప్పాడాయన. కోప్పడి ఉంటే పిచ్చుకకు కొంచెం తేలిగ్గా ఉండేది. ఆయన మామూలుగానే చెప్పాడు.

మధ్యాహ్నం నాన్న వచ్చి, సంగతంతా విని, మన తప్పేముందన్నాడు. బోర్డు పెట్టాం కదా అన్నాడు. అది కూడా కనబడకపోతే షాపుకు రమ్మను, మంచి కళ్ళజోడు ఇస్తానన్నాడు. పిచ్చుకకు ప్రాణం లేచొచ్చింది.

అంతలోనే ఆయన ముఖం మారింది. "పొద్దున్న పూట కట్టేసే ఉంటుంది కదా, గొలుసు తెంచుకుందంటే మాటలా? రేపు ఏ పిల్లల మీదో పడితే? దీన్ని సాయంత్రం మీ మామయ్య గోడౌన్‌లో వదిలేసి వస్తాను."

పిచ్చుక తేలు కుట్టిన దొంగలా ఉండిపోయింది.

ఎందుకంటే గొలుసు తెగలేదు. పొద్దున్న మనుషులు పనుల మీద వచ్చే వేళకు బొగ్గును పెరట్లో కట్టి, తలుపు గడియ పెట్టడం ఆమె పని. బోర్డు పెట్టిన రోజు నుంచి మానేసింది. అంత పెద్ద అక్షరాలు కాపలా కాస్తుంటే ఇంకా గొలుసెందుకులే అనుకుంది. సెలవుల్లో ఆడుకునే తొందర కూడా ఉందనుకోండి.

ఇప్పుడు తప్పెవరిది? బోర్డు చదివి కూడా వచ్చిన ఆయనదా? కరిచిన బొగ్గుదా? తల దిమ్మెక్కి, పక్కింటికి నడిచింది. పక్కింటి ఆంటీ వకీలు. నల్ల కోటు ఇస్త్రీ చేసుకుంటోంది. పిచ్చుక తన పేరు రాకుండా, ఎవరింట్లోనో జరిగినట్టు అడిగింది.

ఆంటీ ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టింది. "వాళ్ళు బోర్డు ఎందుకు పెట్టారు?"

"కరుస్తుందేమోనని."

"అంటే, కరవొచ్చని వాళ్ళకి ముందే తెలుసన్నమాట. తెలిసీ వదిలేశారా?"

"పోనీ, బోర్డు పెట్టకపోతే?"

"కనీసం చెప్పనైనా చెప్పలేదేం అని అడుగుతారు."

"పెట్టినా తప్పే, పెట్టకపోయినా తప్పేనా ఆంటీ?"

ఆంటీ నవ్వింది. గోడ దూకొచ్చిన దొంగ సంగతి వేరు, పని మీద గేటు తీసుకొచ్చిన మనిషి సంగతి వేరు అంది. బోర్డు మంచిదేనంది. "కాకపోతే బోర్డుకు చేతుల్లేవు కదే, కుక్కను పట్టుకోడానికి," అని మళ్ళీ ఇస్త్రీలో పడింది.

పిచ్చుక ఇంకా అయోమయంగానే ఇంటికొచ్చింది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. నిజం చెబితే తనకు చీవాట్లు. చెప్పకపోతే బొగ్గు ఉండదు.

సాయంత్రం నాన్న బొగ్గు గిన్నెను సంచిలో పెట్టాడు. బొగ్గు షికారు అనుకుని గేటు దగ్గర గెంతుతోంది. అది చూసేసరికి పిచ్చుకకు ఏడుపొచ్చింది. పరుగున పెరట్లోకి వెళ్ళి, మేకుకు వేలాడుతున్న గొలుసును తీసుకొచ్చి నాన్న చేతిలో పెట్టింది.

"తెగలేదు నాన్నా. నేనే కట్టడం మానేశాను. నెల్రోజులైంది."

గొలుసు నిండా సాలెగూడు ఉంది. నాన్న దాన్ని వేలితో తుడిచాడు. ఆయన తిడితే బావుండునని పిచ్చుక ఎదురుచూసింది.

"నేను మాత్రం చూడలేదా?" అన్నాడు చివరికి. "రోజూ ఇది గుమ్మంలో పడుకుంటే దాటుకుంటూ షాపుకి పోయాను. కట్టలేదేం అని ఒక్కరోజైనా అడగలేదు. రేపు ఇద్దరం కలిసి వెళ్ళి ఆయనకు చెబుదాం."

గిన్నె సంచిలోంచి బయటికొచ్చింది. మర్నాడు ఇద్దరూ కరెంటాఫీసుకు వెళ్ళారు. తప్పు తమదేనని, అలాగే రాయమని నాన్న చెప్పాడు. పిచ్చుక సారీ చెప్పింది. మీటరాయన కాగితం మీద అంతా రాసుకున్నాడు. ఫర్వాలేదని మాత్రం అనలేదు. ఇంకా మూడు సూదులు మిగిలున్నాయి మరి.

తర్వాతి నెల ఒక పొద్దున్న పిచ్చుక క్యారమ్స్ ఆడుతోంది. ఎర్ర కాయిన్ కన్నం అంచున ఉంది. ఇంకొక్క దెబ్బ చాలు. సరిగ్గా అప్పుడే గేటుకు కొత్తగా కట్టిన గంట మోగింది.

ఆమె స్ట్రయికర్ వదిలేసి లేచింది. బొగ్గును కట్టే ఉంచింది. అయినా పెరట్లోకి వెళ్ళి, గొలుసును రెండుసార్లు లాగి చూసింది. తలుపు గడియ పెట్టాకే గేటు తీసింది.

గేటు బయట మీటరాయన బోర్డు చూస్తూ నిలబడ్డాడు. ఎర్ర అక్షరాల కింద ఇప్పుడు రెండో వరుస ఉంది: 'గంట కొట్టి ఆగండి. మేం వచ్చి గేటు తీస్తాం.'

మెట్ల కింద గిన్నె లేదు. ఆయన అయినా అడుగులో అడుగు వేసుకుంటూ లోపలికొచ్చాడు. పెరట్లోంచి బొగ్గు అరిచింది. ఆయన ఆగిపోయాడు.

"ఏమీ చెయ్యదు కదమ్మా?"

పిచ్చుక నోట్లో పాత మాట తిరిగింది. దాన్ని మింగేసింది.

"ఏమోనండీ," అంది. "అందుకే కట్టేశాను."

ఆయన అంకెలు రాసుకుని గేటు దాటేదాకా, ఆమె పెరటి తలుపుకు వీపు ఆనించి అక్కడే నిలబడింది.