బతికున్నవాళ్లకు సంతాపం

"నీ పని చూడ్డం పిన్నీ. చూసి వచ్చి చెప్పడం. అంతే," అన్నాడు చీఫ్.

పిన్ని వయసు యాభైరెండు. డిపార్ట్‌మెంట్ రికార్డుల్లో ఆమె ఏజెంట్ నంబర్ పద్నాలుగు. ఆ నంబరుతో పిలిచే ధైర్యం ఎవరికీ లేక, తలనెరిసిన చీఫ్‌తో సహా అందరూ పిన్ని అనే అంటారు. ఒకప్పుడు శత్రు రాయబారి ఇంట్లో తొమ్మిది నెలలు వంటమనిషిగా ఉండి, అతని రహస్యాలన్నీ లాగుతూనే బీపీ మాత్రలు మాత్రం వేళకి మింగించేదట. ఆమె పని మానేసి వెళ్తుంటే రాయబారి గేటు దాకా వచ్చి కళ్లు తుడుచుకున్నాడట. నమ్మితే నమ్మండి, లేకపోతే ఆ రాయబారినే అడగండి. ఇప్పటికీ బతికే ఉన్నాడు. ఆ మాత్రల మహిమే.

"ఏటికి అవతలి దేశంవాళ్లు రాకెట్లు కొంటున్నారు. ఎన్ని కొంటున్నారో తెలుసుకోవాలి," చీఫ్ గొంతు తగ్గించాడు.

"తెలుసుకుని?"

"వాళ్లకంటే పది ఎక్కువ కొంటాం."

"అప్పుడు వాళ్లు?"

"మనకంటే పది ఎక్కువ కొంటారు."

"ఇది ఎక్కడ ఆగుతుంది నాయనా?"

"ఆగదు పిన్నీ. ఆగితే నీకూ నాకూ ఉద్యోగాలుండవు."

మిషన్ పేరు ఆపరేషన్ దుప్పటి. చోటు మూడో దేశంలో ఒక పెద్ద హోటల్. వేషం హౌస్‌కీపింగ్ మనిషి. టెక్నికల్ సెక్షన్‌వాళ్లు కెమెరా దాచిన కళ్లజోడు ఒకటిచ్చారు. అద్దాల పవర్ తప్పు వేశారు. కెమెరాకి అంతా కనిపిస్తుంది, పిన్నికే ఏమీ కనిపించదు.

హోటల్లో మొదటిరోజు ఆమె తొమ్మిదో అంతస్తులో ఒక తలుపు తట్టి, "తువ్వాళ్లు ఎన్ని కావాలండీ?" అంది.

"ఒకటి తడిది, ఒకటి పొడిది," అన్నాడు తలుపు తీసినవాడు. కోడ్ సరిపోయింది.

అతను డబుల్ ఏజెంట్. ఆయుధాల దళారికి సేల్స్ మేనేజరు, పిన్ని డిపార్ట్‌మెంట్‌కి వేగు. సినిమా హీరో మొహం, పట్టు టై. మనిషి రావడానికి నిమిషం ముందే సెంటు వాసన వచ్చేది. డిపార్ట్‌మెంట్‌లో అతని పేరు సెంటుబుడ్డి.

రెండు రోజుల్లో పిన్నికి హోటల్ గుట్టంతా తెలిసిపోయింది. ఏడో అంతస్తులో మన దేశపు మీసాల జనరల్. ఎనిమిదిలో అవతలి దేశపు బట్టతల జనరల్. తొమ్మిదిలో దళారి. జనరల్స్ ఇద్దరికీ వేరువేరు లిఫ్టులు, వేరువేరు భోజనవేళలు. తన నెత్తిమీద శత్రువు నిద్రపోతున్నాడని కిందాయనకి తెలీదు, తన మంచం కింద శత్రువు గురక పెడుతున్నాడని పైఆయనకి తెలీదు.

ఇద్దరికీ చూపించే రాకెట్ నమూనా మాత్రం ఒక్కటే. దాన్ని మాసిన దుప్పట్ల కింద ట్రాలీలో పెట్టి సర్వీస్ లిఫ్టులో పైకీ కిందికీ తిప్పేది పిన్నే. ఏడో అంతస్తులో దాని పేరు గద్ద, ఎనిమిదిలో డేగ. మధ్యలో స్టిక్కర్ మార్చే పని కూడా ఆమెదే. "ప్రపంచంలో ఇది మీ ఒక్కరికే," అని దళారి రెండు గదుల్లోనూ ఒకే గొంతుతో చెప్పడం ఆమె చెవులారా వింది.

మూడోరోజు మధ్యాహ్నం మూడూ ఇరవై. దళారి ఈతకొలనుకి వెళ్లాడు. పిన్ని ఆయన దిండుకి గలీబు మారుస్తోంది. దిండు కింద తోలు ఫైలు. అందులో టైపు చేసిన ఉత్తరాలు రెండు. కళ్లజోడు తీసేసి చదివింది.

"ఈరోజు సాయంత్రం నాలుగు గంటలకు సరిహద్దు ఏటి వంతెన ఔట్‌పోస్టుపై జరిగిన పిరికి దాడిలో వీరమరణం పొందిన మీ పన్నెండుమంది జవాన్ల కుటుంబాలకు మా ప్రగాఢ సానుభూతి. ఇటువంటి ఘోరం పునరావృతం కాకుండా మీకు అండగా నిలవడానికి మా సంస్థ సిద్ధంగా ఉంది."

ఇది మీసాల జనరల్‌కి. రెండోది బట్టతల జనరల్‌కి. అక్షరం తేడా లేదు, పన్నెండుమంది బదులు తొమ్మిదిమంది.

పిన్ని గోడగడియారం వంక చూసింది. ఆ పన్నెండుమందీ ఈ క్షణాన భోజనం చేసి నడుం వాల్చి ఉంటారు. వాళ్లలో ఒకడు ఆమె అల్లుడు. కూతురికి ఏడో నెల.

ఉత్తరాలు జాకెట్లో దోపుకుని, దుప్పట్ల స్టోర్‌రూమ్‌లో తలుపేసుకుని చీఫ్‌కి ఫోన్ చేసింది. ఆయన అంతా విన్నాడు. 

"పిన్నీ, నీ పని చూడ్డం."

"అల్లుడు అక్కడే ఉన్నాడు నాయనా."

"అతన్ని ఐదు నిమిషాల్లో సెలవు మీద వెనక్కి పిలిపిస్తాను. సరేనా?"

"మిగతా పదకొండుమందికీ అత్తలు లేరనుకున్నావా?"

"అర్థం చేసుకో. ఇది జరక్కపోతే కొనుగోలు ఆగిపోతుంది. కొనుగోలు ఆగితే మన డిపార్ట్‌మెంట్‌ని ధాన్యం గోదాము చేసేస్తారు."

"చెయ్యనీ. గింజలైనా ఉంటాయి," అని పిన్ని ఫోన్ పెట్టేసింది.

ఇరవై ఎనిమిదేళ్ల సర్వీసులో పైఅధికారి మాట మధ్యలో ఫోన్ పెట్టేయడం అదే మొదలు.  తలుపు తీసి బయట ఆపిన ట్రాలీ దగ్గరికి వచ్చేసరికి గుప్పున సెంటు వాసన.

"ఆ కాగితాలు ఎక్కడివక్కడ పెట్టెయ్యండి పిన్నిగారూ," అన్నాడు సెంటుబుడ్డి, తెరిచిన స్టోర్‌రూమ్ గుమ్మంలో నిలబడి. పట్టు రుమాలు కింద పిస్టల్ మూతి కనిపిస్తోంది.

"నువ్వు మావాడివి కదయ్యా."

"మీవాణ్ణే. దళారిగారివాణ్ణి కూడా. ఎనిమిదో అంతస్తువాళ్లకీ కాస్త సాయం చేస్తుంటాను. అందరికీ కావలసినవాణ్ణి."

"ఈ ఉత్తరాలు రాసిందెవరు?"

"నేనే. భాష బాగుందా?" అతను నిజంగానే మెచ్చుకోలు కోసం చూశాడు. "ఇక ఎవరేం చేసినా లాభం లేదండీ. నది నడిమధ్య ఇసుకపడవలో మోర్టార్ ఉంది. అటు రెండు షెల్లులు, ఇటు రెండు షెల్లులు. మనవాళ్లు పడవ దగ్గరికి వెళ్తే అవతలివాళ్లు కాలుస్తారు, వాళ్లు వస్తే మనవాళ్లు కాలుస్తారు. ఇద్దరూ కూడబలుక్కుంటే తప్ప దాన్ని ఎవరూ ముట్టుకోలేరు. వాళ్లు కూడబలుక్కోవడం..." అని నవ్వాడు.

"భాష బాగానే ఉంది," అంది పిన్ని. "బుద్ధే లేదు."

ట్రాలీలో దుప్పట్ల కింద గద్దో డేగో ఉంది కదా, బాగా బరువు. దాన్ని రెండు చేతులా తోసింది. అది సెంటుబుడ్డి మోకాళ్లకి తగిలి, అతన్ని స్టోర్‌రూమ్‌లోకి మోసుకెళ్లి, అలమర నుంచి నూటయాభై తువ్వాళ్లని అతని నెత్తిన కుమ్మరించింది. పిస్టల్ ఎటో పోయింది. చేతికందిన అతని ఫోన్ లాక్కుని పిన్ని బయట తాళం వేసింది. ప్రపంచ చరిత్రలో ఆ రాకెట్ ఛేదించిన లక్ష్యం అదొక్కటే.

మూడూ ముప్పై ఎనిమిది. ఔట్‌పోస్టులో ఫోను జనరల్ మాట వింటుంది గానీ అత్తగారి మాట వినదు. ఇద్దరు జనరల్స్‌నీ ఒక్కచోట నిలబెట్టాలి. లిఫ్టులు కలవనివ్వవు. పిన్ని గోడమీది ఫైర్ అలారం అద్దం పగలగొట్టి మీట నొక్కేసింది.

అలారం మోగితే లిఫ్టులు ఆగిపోతాయి. అన్ని అంతస్తులకీ మిగిలేది ఒకే మెట్లదారి. పిన్ని ఏడో అంతస్తు మెట్ల మీదికి పరుగెత్తింది.

ఏడో అంతస్తు తలుపు తోసుకుని మీసాల జనరల్ వచ్చాడు. మీసానికి రంగు వేసుకుంటూ లేచొచ్చాడేమో, ఒక పక్క నల్లగా, ఒక పక్క తెల్లగా ఉంది. పైనుంచి బట్టతల జనరల్ నడుముకి తువ్వాలు చుట్టుకుని దిగాడు. ఇద్దరి చంకల్లోనూ ఒకే రకం ఎర్రఫైలు, రాకెట్ల కొనుగోలుది. ఒకరినొకరు చూసుకుని పిస్టళ్ల కోసం నడుములు తడుముకున్నారు. తువ్వాలాయన చెయ్యి వెంటనే వెనక్కి తీసి ముడి గట్టిగా పట్టుకున్నాడు.

"నువ్విక్కడేం చేస్తున్నావ్?"

"అదే నేనడుగుతున్నా."

"తర్వాత తిట్టుకోండి. ముందు ఇవి చదవండి. ఎవరి ఉత్తరం వాళ్లకే," అని పిన్ని మధ్యలో నిలబడింది.

చదివారు. బట్టతల జనరల్ రెండోసారి చదివాడు. "నా తొమ్మిదిమందితో పొద్దున్నే మాట్లాడానే," అన్నాడు నెమ్మదిగా.

పిన్ని ఇసుకపడవ సంగతి రెండు ముక్కల్లో చెప్పింది. ఔట్‌పోస్టులకి చెయ్యమని ఒక చేత్తో తన ఫోన్, ఇంకో చేత్తో సెంటుబుడ్డి ఫోన్ చాచింది. ఇద్దరూ చెరొకటి అందుకున్నారు.

"ముందు అతన్ని చెయ్యమను," అన్నాడు మీసాలాయన.

"నేను ముందు చేస్తే లొంగినట్టు కాదూ?"

ఇంతలో పైమెట్ల మీంచి తడి జుట్టుతో, పట్టు గౌనుతో దళారి దిగాడు. కంగారు లేదు, చిరునవ్వే. "జెంటిల్మెన్, చీపురు పట్టుకునే మనిషి మాట విని తొందరపడకండి. ఒక్కటి ఆలోచించండి. ఆ ఏటి మీద గొడవే లేకపోతే మీ ఇద్దరితో ఎవరికేం పని?"

జనరల్స్ ఇద్దరూ ఫోన్లు కిందికి దించారు. ఆ ప్రశ్న వాళ్లకి తగలవలసిన చోటే తగిలింది. మూడూ యాభై.

పిన్ని మీసాల జనరల్ వైపు తిరిగింది. "ఆ పన్నెండుమందిలో ఒకడు నా అల్లుడండి. నా కూతురు నిండు మనిషి. ఈ ఉత్తరం దాని ఎదురుగా నిలబడి మీరే చదివి వినిపిస్తానంటే, ఆ ఫోన్ ఇటిచ్చెయ్యండి. నేను వెళ్లి దుప్పట్లు మార్చుకుంటాను."

మీసాల జనరల్ ఫోన్ వెనక్కివ్వలేదు. నంబరు నొక్కాడు. పక్కన అదే చప్పుడు. తువ్వాలాయన కూడా నొక్కుతున్నాడు. ఎవరు ముందు నొక్కారో ఇప్పటికీ తేలలేదు.

రెండు ఒడ్ల నుంచీ రెండు బోట్లు బయల్దేరాయి. నీళ్లు తక్కువున్న చోట జవాన్లు దూకి నడుములోతులో పరుగెత్తారు. మూడూ యాభై తొమ్మిది దాటింది. ఇసుకపడవలో మోర్టార్‌వాడు షెల్లుని గొట్టంలోకి సగం దించి, వదలబోతూ తలెత్తాడు. "చేతులెత్తు," అని రెండు వైపుల నుంచీ ఒకే భాషలో అరుపు. ఎవరికి లొంగాలో పాలుపోక, షెల్లుని జాగ్రత్తగా ఇసుక మీద పడుకోబెట్టి, ఒక చెయ్యి ఇటూ ఒక చెయ్యి అటూ ఎత్తాడు.

నాలుగైంది. ఏమీ కాలేదు. దళారిని ఏ దేశం పట్టుకెళ్లాలన్నదాని మీద జనరల్స్ మళ్లీ కొట్టుకునే దాకా వచ్చారు. ఎర్రఫైళ్లు మాత్రం రెండూ మెట్ల మీదే ఉండిపోయాయి. సంతకాల చోటు ఖాళీ.

నెల తిరక్కుండా చీఫ్‌కి పతకం వచ్చింది, ఆజ్ఞను సైతం ధిక్కరించిన అసమాన ధైర్యానికి. ఆజ్ఞ ఇచ్చిందెవరని సభలో ఎవరూ అడగలేదు. పిన్నికి మెమో వచ్చింది, అకారణంగా అలారం మోగించినందుకు. దాన్ని మడిచి ఊగే బల్లకాలి కింద పెట్టింది.

అసలు కబురు మాత్రం ఆ సాయంత్రమే, ఆరింటికి, అల్లుడి ఫోన్లో వచ్చింది.

"ఈ పెద్దాఫీసర్లకి పనీపాటా లేదండీ అత్తయ్యగారూ. టీ నీళ్లు పొయ్యి మీద పెట్టానో లేదో, ఏట్లోకి తోలేశారు. బూట్లు రెండూ నానిపోయాయి. గుంటలో కూరుకుపోతే అవతలివాడొకడు చెయ్యిచ్చి లాగాడు. మర్యాదకి టీకి రమ్మన్నాను. తొమ్మిదిమందీ వచ్చేశారు."

పిన్ని ఫోన్ చెవికి ఇంకాస్త దగ్గరగా పెట్టుకుంది. "పంచదార సరిపోయిందా నాయనా?"

"లేదండీ, వాళ్లే తెచ్చుకున్నారు. మనదంత తియ్యగా లేదులెండి," అన్నాడు అల్లుడు, దేశభక్తికి ఏమాత్రం లోటు రాకుండా.