ఒక చెవిలో మిగిలిన కథ

మా సిరిసిల్లలో సాంచ, అంటే మరమగ్గం, నడిపేవాళ్లకు నెమ్మదిగా మాట్లాడటం రాదు. పక్కనున్న మనిషిని కూడా ఊరవతల ఉన్నవాడిని పిలిచినట్టు పిలుస్తాం. షెడ్డులో మరమగ్గాలన్నీ ఒక్కసారి మొదలైతే ఎవరి మాటా ఎవరికీ వినపడదు కాబట్టి, ఎదుటివాడి పెదాలు చూసి మాట అందుకోవడం కూడా మాకు అలవాటే. నేను ఈ చివర, రాములు ఆ చివర ఉండి పొద్దంతా ముచ్చట పెట్టుకుంటాం. కొత్తవాళ్లు చూస్తే ఇద్దరికీ పిచ్చి అనుకుంటారు.

నాకు ఇంకో గుణం ఉంది. నిశ్శబ్దం పడదు. సాంచ ఆగిందంటే పోగు తెగి ఉంటుంది, లేకపోతే కరెంటు పోయి ఉంటుంది. అందుకే ఎక్కడ చప్పుడు ఆగినా నా గుండె జారుతుంది. ఇంటికి వచ్చాక కూడా చెవిలో ఏదో ఒకటి మోగాలి. మొదట పాటలు, తర్వాత సినిమా ముచ్చట్లు, చివరికి హత్య కథల దగ్గర స్థిరపడ్డాను. ఫోన్లో ఒకాయన గొంతు తగ్గించి, తొందరపడకుండా, ఎవరు ఎవరిని ఎట్లా చంపారో చెబుతుంటాడు. అన్నం తింటూ వింటాను, వింటూనే నిద్రపోతాను.

"గా నరుకుడు సంపుడు తప్ప నీకింకేం దొర్కదా?" అని మమత మొదట్లో తిట్టేది. కొన్నాళ్లకు తనూ వినడం మొదలుపెట్టింది. చెవిలో పెట్టుకునే వైర్లు లేని బడ్స్‌లో కుడి చెవిది నాది, ఎడమ చెవిది ఆమెది. ఆలుమగలం మాట్లాడుకునేది తగ్గింది. కలిసి వినేది పెరిగింది. అదీ ఒక సంసారమే అనుకున్నాను.

మొన్న వానాకాలం నూలు రాక షెడ్డు బందైంది. మమతకు ఐదో నెల. కడుపు పెద్దదైతే ఎటూ పోలేనని, కుంటాల జలపాతం చూపించమని పట్టుబట్టింది. మా వాడకట్టులో ఉండే సదానందం కాక తన కారు తీశాడు. చీమకు కూడా దారి ఇచ్చి నడిపే మనిషి. జగిత్యాల దాటాక మమత కోసం జామపండ్లు కొన్నాడు. గుంత కనబడితే చాలు, "బిడ్డా, జర గట్టిగ పట్టుకో" అని ముందే చెప్పేవాడు.

జలపాతం హోరు నాకు షెడ్డులో ఉన్నట్టే హాయిగా ఉంది. ఆ హోరులో మమత ఏదో అంది. పెదాలు చదివాను. "ఆడపిల్ల పుడితె మళ్ల గీడికే తీస్కొద్దాం" అంటోంది. నేను తల ఊపాను. పెళ్లయ్యాక అంత సంతోషంగా ఉన్న రోజు నాకు ఇంకొకటి గుర్తులేదు.

తిరుగు దారిలో వాన పట్టుకుంది. పెద్ద రోడ్డు మీద లారీ అడ్డం పడి బండ్లన్నీ ఆగిపోయాయి. సదానందం కాక కారును పాత ఘాట్ రోడ్డుకు తిప్పాడు. పొద్దు పూర్తిగా గుంకలేదు గానీ, మబ్బుకూ టేకు చెట్లకూ మధ్య వెలుగు మిగల్లేదు. తడిసిన ఆకుల వాసన, వేడెక్కిన ఇంజన్ వాసన, కారులో సగం కొరికిన జామపండ్ల వాసన. మమత వెనక సీట్లో కాళ్లు ముడుచుకుని పడుకుంది. నేను ముందు కూర్చున్నాను. రేడియోలో పాత పాట వస్తోంది.

ఒక మలుపు ముందు కాక బండి నెమ్మది చేశాడు. కిటికీలోంచి ఒక నిమ్మకాయ బయటికి విసిరి, పాట ఆపేశాడు.

"ఎందుకు బంద్ చేసినవ్ కాకా?"

"గీ మలుపు కాడ ఏదీ మోగనియ్యొద్దు. మా బాపు లారీ నడిపినప్పటి సంది గిదే పద్ధతి. బస్సుల చంటిపోరగాళ్లు ఏడ్సినా నోరు మూస్తరు."

"మోగితె ఏమైతది?"

"గీడ మోగింది మనెంబడి వస్తది" అని గొణిగాడు. "జరసేపు సప్పుడు చెయ్యకు బిడ్డా."

నాకు నవ్వొచ్చింది. చేతిలో స్టీరింగు ఉన్నవాడి మాట కాదనడం ఎందుకని ఊరుకున్నాను. కానీ ఆ నిశ్శబ్దం నా వల్ల కాలేదు. వాన చప్పుడు కూడా ఎందుకో అక్కడ లేదు. అద్దం మీద చినుకులు పడుతున్నాయి, చప్పుడు లేదు. చెవులు గుయ్యిమంటున్నాయి. నా చెవిలో మోగితే మలుపుకు ఏం వినపడుతుందిలే అనుకున్నాను. బడ్ చెవిలో పెట్టుకుని, పొద్దున సగంలో ఆపిన కథ నొక్కాను.

"డ్రైవర్ కారు ఆపాడు" అన్నాడు కథ చెప్పేవాడు.

మా కారు ఆగింది.

కాక వైపు తిరిగాను. ముందరి మీటర్ల వెలుగులో ఆయన ముఖం కనబడుతోంది. పెదాలు కదులుతున్నాయి. గొంతు మాత్రం లేదు. నాకు అలవాటే కదా... చదివాను. నా చెవిలో వినబడే మాటలే ఆయన పెదాల మీద ఉన్నాయి.

"అతను కిందికి దిగాడు. డిక్కీ తెరిచాడు. ఇనుప రాడ్ తీశాడు."

సదానందం కాక దిగాడు. వెనక డిక్కీ తెరుచుకున్న చప్పుడు... ఇనుము ఇనుముకు తగిలిన చప్పుడు...

"కాకా" అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు.

నా వైపు తలుపు తీసి, అంగీ కాలర్ పట్టి బయటికి లాగాడు. అరవై దాటిన మనిషి. అంత బలం ఎక్కడిదో తెలియదు.

"మొదటి దెబ్బ భుజం మీద."

ఎముక విరిగిన చప్పుడు బయట నుంచి కాదు, లోపల నుంచి వినబడింది. బురదలో పడ్డాను. జేబులోని ఫోన్ ఎగిరి రాళ్ల మధ్యకు పోయింది. చెయ్యి వేలాడుతోంది.

"రెండో దెబ్బ నోటి మీద."

పళ్లు నాలుక మీద పడ్డాయి. గొంతులోకి వెచ్చగా రక్తం దిగింది. ఊపిరి అందలేదు. బాగున్న చేతితో చెవిలోది పీకి విసిరేశాను. ఇక ఆగుతుందనుకున్నాను.

ఆగలేదు.

ఆయన పెదాలు ఇంకా కదులుతున్నాయి. నన్ను దాటుకుని వెనక తలుపు వైపు నడిచాడు. "ఇప్పుడు అతని భార్య" అన్నాయి పెదాలు.

మమతను జుట్టు పట్టి ఈడ్చాడు. ఆమె మోకాళ్లు రోడ్డు మీద గీసుకుపోయాయి. కడుపు మీద రెండు చేతులూ అడ్డం పెట్టుకుంది. కానీ అరవలేదు. కళ్లు తెరిచే ఉన్నాయి. జుట్టు పక్కకు తొలగినప్పుడు ఆమె ఎడమ చెవిలో చిన్న నీలం వెలుగు కనబడింది.

పొద్దున పెట్టుకున్న తన బడ్ ఆమె తీయనేలేదు. నేను నొక్కిన కథ ఇద్దరి చెవుల్లో మోగింది... ఇంకా ఆమె చెవిలో మోగుతూనే ఉంది.

పాకాను. విరిగిన చెయ్యి వెనక ఈడ్చుకొస్తోంది. కాక రాడ్ రెండు చేతులతో ఎత్తాడు. "మూడో దెబ్బకు..." అన్నాయి పెదాలు. మమత చెవిలోది పీకి, బండ మీద పెట్టి, దొరికిన రాయితో దంచాను. నీలం వెలుగు పోయేదాకా దంచాను. నా వేళ్లు కూడా నలిగాయి.

రాడ్ గాలిలోనే ఆగింది. కాక పెదాలు తెరుచుకున్నవి తెరుచుకున్నట్టే ఉండిపోయాయి. కాసేపటికి వాన చప్పుడు మొదలైంది.

"నరేశ్... ఎవరు కొట్టిండ్రు బిడ్డా నిన్ను?" అన్నాడు. తర్వాత తన చేతుల్లోకి చూసుకుని అక్కడే కూలబడ్డాడు.

నిర్మల్ ఆసుపత్రిలో, జలపాతం దగ్గర రాళ్ల మీద జారానని చెప్పాం. కడుపులో బిడ్డకు ఏమీ కాలేదన్నారు. ఆ మాటకు నేను డాక్టరమ్మ ముందే ఏడ్చాను. మమత ఏడవలేదు. సదానందం కాక తర్వాత కారు అమ్మేశాడు. మేం ఎదురైతే చేతులు వెనక్కి పెట్టుకుని పక్కసందులోకి పోతాడు. ఆయన మీద నాకు కోపం లేదు. నా మీదే ఉంది.

ఫోన్ వెతకలేదు. కొత్తది కొన్నా కథలు మాత్రం వినలేదు. ఆ కథ చివరికి ఏమైందో నాకు తెలియదు. మమతకూ తెలియదనే అనుకున్నాను.

చెయ్యి అతుక్కున్నాక మళ్లీ షెడ్డుకు పోతున్నాను. ఇవాళ మధ్యాహ్నం మమత సద్ది తెచ్చింది. నిండు కడుపు, మెల్లగా నడిచి వచ్చి నా సాంచకు అవతల నిలబడింది. మగ్గాలన్నీ నడుస్తున్నాయి. ఆమె పెదాలు కదిలాయి. అన్నం తినమంటోందేమో అనుకుని చూశాను.

"మూడో దెబ్బకు ఆమె చావలేదు" అంటున్నాయి పెదాలు. "కొన్నాళ్లు ఆగింది. ఒక మధ్యాహ్నం భర్తకు అన్నం తీసుకెళ్లింది."

మా ఇంట్లో ఎవరూ అట్లాంటి కథల తెలుగు మాట్లాడరు.

సాంచ ఆపి దగ్గరికి వెళ్లాను. ఆమె చెవులు రెండూ చూశాను. ఏమీ లేవు.

"ఏమన్నవ్ మమతా?"

"ఏమనలే" అంది. "తిను, సల్లారుతది."

తిన్నాను. ఎదురుగా కూర్చుని చూసింది. తర్వాత ఖాళీ గిన్నె సంచిలో పెట్టుకుంది. సాంచ మీద ఉన్న పోగులు కోసే కత్తెర తీసి, కొంగుతో తుడిచి, దాన్ని కూడా అందులోనే పెట్టుకుని ఇంటికి పోయింది. పొద్దు గుంకింది, షెడ్డులో అందరూ వెళ్లిపోయారు. నేను మాత్రం ఇంటికి పోకుండా, సాంచ ఆపకుండా నడిపిస్తూనే ఉన్నాను.