ఓబుళేశుకు వదిలిన చోటు

లేవికి సోమవారం గొంతు ఆపరేషన్. ఆ తర్వాత మాట వస్తుందో లేదో చెప్పలేనన్నాడు డాక్టరు. పాట సంగతి అసలు అడగొద్దన్నాడు. అందుకే శనివారం మధ్యాహ్నం మా రాక్ బ్యాండు పాత పాటల్ని ఎలక్ట్రిక్ గిటార్లూ, డ్రమ్సూ లేకుండా ఉత్త చెక్క గిటారుతో రికార్డు చేసుకుందామని మైదుకూరు దాటాక ఉన్న పాత రాతి చర్చికి వెళ్లాం. ఒకప్పుడు కడప కాలేజీల్లో చెవులు పగలగొట్టినవాళ్లం, తలలు నెరిశాక ఇలా మెత్తబడ్డాం.

గిటారు నాది, గొంతు లేవిది. అతని కూతురు మహిమ హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ల్యాప్‌టాప్ ముందు కూర్చుంది. డ్రమ్స్ వాయించే ఓబుళేశు పోయి ఏడాదైంది.

మా పాటలన్నిటిలోకీ పేరున్న పాటలో ఒకచోట మేమంతా ఆగిపోతే ఓబుళేశు ఒక్కడే వాయించేవాడు. ఇప్పుడు ఆ చోటు తీసేద్దామన్నాను.

"వద్దప్పా," అన్నాడు లేవి. "అది వానిది. ఖాళీగానే ఉండనీ."

తీసేయడానికి నాకూ మనసు రాలేదు.

బయటి చప్పుడు రాకూడదని తలుపులు మూసి, కిటికీలకు బొంతలు కట్టి, ఫ్యాన్లు ఆపేశాం. పట్టపగలే లోపల చీకటి. గబ్బిలాల కంపు, కరిగిన కొవ్వొత్తుల వాసన. అంత ఉక్కలోనూ కాళ్ల కింద బండలు చల్లగా ఉన్నాయి. నా చెమటబొట్టు గిటారు మీద పడిన చప్పుడు కూడా వినిపించింది.

పాట మొదలుపెట్టాం. ఓబుళేశు చోటు రాగానే ఆగాం. నిశ్శబ్దం... మళ్లీ అందుకున్నాం.

అయిపోయాక మహిమ మొహం చిట్లించింది. "నాయనా, ఆ ఖాళీలో ఎందుకు పాడినావు?"

"నేను యాడ పాడినానే?"

హెడ్‌ఫోన్స్ మా చెవులకు పెట్టి వినిపించింది. లేవి గొంతే. సన్నగా, ఎంతో దూరం నుంచి. మాటల్లేవు, రాగం మాత్రమే. గోడల ప్రతిధ్వని అని నేనే సర్దిచెప్పాను. సర్దిచెప్పడంలో నా అంతవాడు లేడు. మళ్లీ పాడి, విన్నాం.

ఈసారి ఖాళీలోని గొంతు దగ్గరికొచ్చింది. మాటలు కూడా తెలుస్తున్నాయి. మిగతా పాటలో మాత్రం లేవి గొంతు పలచబడిపోయింది. మైకు బాగానే ఉందంది మహిమ.

"చాలుప్పా, పోదాం పా," అన్నాను. నాకు నిజంగానే భయమేసింది.

"ఇంగొక్కసారి. సోమవారం పోతే నాకు పాట యాడిది?" లేవి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆ మాటకు ఎవరు అడ్డం చెబుతారు?

ఖాళీ వదలకుండా పాడాలని మాత్రం ఒప్పించాను. కానీ ఆ చోటు రాగానే నా చెయ్యి దానంతటదే ఆగిపోయింది. ఇన్నేళ్ల అలవాటు. లేవీ ఆగిపోయాడు.

అప్పుడు హెడ్‌ఫోన్స్ అవసరం లేకపోయింది. మా మధ్యలోనే వినిపించింది. లేవి గొంతు... ఆ జబ్బు జీరతో సహా.

"నాయనా... ఆపు," గుసగుసలాడింది మహిమ.

లేవి నోరు మూసుకునే ఉన్నాడు. ఏదో చెప్పబోయాడు. పెదవులు కదిలాయి. ఊపిరి తప్ప ఏమీ రాలేదు.

సామానంతా అక్కడే వదిలేసి కారెక్కాం. మహిమ నడుపుతోంది. వెనక సీట్లో నా పక్కన లేవి బాటిలెత్తి గటగటా నీళ్లు తాగుతున్నాడు.

పాట మొదలైంది. అతని గొంతే... కారులోనే... చాలా దగ్గర్లో.

లేవి ఇంకా నీళ్లు తాగుతూనే ఉన్నాడు.

మహిమ అద్దంలోంచి వెనక్కి చూసింది. చూసింది తండ్రిని కాదు.

"మామా... నీకు దండం పెడతా. ఆపు."

చేత్తో నోరు గట్టిగా మూసుకున్నాను. అరచేతి కింద నా పెదవులు కదులుతూనే ఉన్నాయి.