ఉల్క ఉంగరం

నరసరావుపేట బజారులో బంగారప్పని చేసే నాగభూషణాచారి కొట్టుకి వెంకట సాయి ఈసారి తెగిన గొలుసు తేలేదు. అదే వింత. మాచర్ల కాలేజీలో ఫిజిక్స్ చెప్పే మనిషి, అక్కడ కంసాలులే లేనట్టు ఆదివారం వస్తే చాలు బస్సెక్కేస్తాడు. అతని వెండి గొలుసు తెగుతుంది, ఆచారి కూతురు యశస్విని అతికిస్తుంది, మళ్లీ తెగుతుంది. తండ్రి దగ్గర నేర్చుకున్న పని మీద ఆ పిల్లకి అనుమానం కూడా పట్టుకుంది, పాపం.

ఈసారి జేబులోంచి పొట్లం విప్పి, బూడిదరంగు ఇనుప ఉంగరం బల్ల మీద పెట్టాడు. లోపలివైపు బంగారు రేకు తొడగాలట.

"ఇనుముకి బంగారం తొడగం. ఇనుమంటే శని," అంది యశస్విని.

"మీ సుత్తి, పట్టుకారు ఇనుమే గదండీ?"

"వాటిని వేలికి పెట్టుకోం."

ఆచారి మాత్రం కుర్రాడికి ఏలినాటి శని పట్టిందనుకుని జాలిపడ్డాడు. బంగారం దండగ, శనివారం నువ్వుల నూనెలో ముంచి మధ్యవేలికి పెట్టుకోమంటూ తనే తొడగబోయాడు. అది సాయి చిటికెనవేలి కణుపు కూడా దాటలేదు.

తనకి కాదని నసిగాడు సాయి. ఒకమ్మాయికట.

 యశస్వినికి, పొద్దున అద్దం ముందు అంతసేపు నిలబడినందుకు తన మీద తనకే ఒళ్లు మండింది.

సాయి ఉత్సాహంగా పాఠం మొదలెట్టాడు. అది మామూలు ఇనుము కాదట, ఉల్కట. ఎప్పుడో బద్దలైన ఓ బుల్లి గ్రహం నడిబొడ్డులోదట. చల్లారడానికే కోట్ల ఏళ్లు పట్టడంతో లోపల గీతలు అల్లుకున్నాయట. అలాంటివి భూమ్మీద ఏ కొలిమిలోనూ పుట్టవట.

"గీతలేయి?"

"పైన పాలిష్ పెట్టారు. కనపడవు."

"కనపడని సంగతులు చానామంది చెప్తారు మా కొట్లో," అని, బంగారాన్ని పరీక్షించే ఆసిడ్ చుక్క దాని మీద వేసేసింది. పాడైతే పాడవనీ అన్న కసి కొంచెం ఉంది, దాచడమెందుకు.

ఇనుము ముందు మసకబారింది. తర్వాత మెల్లగా, నులకమంచం అల్లికలా, మెరిసే గీతలు ఒకదాన్నొకటి కోసుకుంటూ తేలాయి. యశస్విని కోపం సంగతే మరిచిపోయి నీళ్లలో కడిగి, వెలుతురులో తిప్పి తిప్పి చూసింది.

"బాగుంది," అంది చివరికి, తలెత్తకుండా. "ఆ అమ్మాయి వేలి కొలత చెప్పండి."

"అడగలేదు. గొలుసు అతికించేటప్పుడు చూసి అంచనా కట్టా."

ఆమె చెయ్యి ఆగిపోయింది.

"ఆ గొలుసు దానంతటది ఎప్పుడూ తెగలేదండీ. బస్సు దిగేముందు నేనే తెంపేవాణ్ణి."

ఆమెకి ఎగిరి గంతేయాలనిపించింది. గొంతు మాత్రం కటువుగానే వచ్చింది. "నా అతుకే బాలేదేమోనని నిద్రపట్టేది కాదు నాకు."

అప్పుడు గుర్తొచ్చింది ఇద్దరికీ, ఆచారి అక్కడే ఉన్నాడని. ఆయన ఉంగరం తీసుకుని చాలాసేపు చూశాడు. ఈయన కాదంటే కథ కంచికే. 

"ఏమయ్యా, ఇది భూమ్మీద ఇనుము కాదంటావ్?"

"కాదండీ. ఆకాశంలోది."

"అయితే శనికి దీంతో ఏంది పని? మీ పెద్దోళ్లని తీసుకురా."

శని ఉండేది కూడా ఆకాశంలోనేనని ఫిజిక్స్ సారుకి తెలుసు. ఆ పూటకి నోరు మెదపలేదు.

ఆచారి కూతురి వైపు తిరిగాడు. "ఏమే, మధ్యవేలు కాదు. ఉంగరం వేలికి చూడు."

యశస్విని తొడిగి చూసుకుంది. 

"కాస్త వదులుంది నాన్నా. బంగారు రేకు పట్టేంత."