ఆళ్లగడ్డ హాల్లో ఇరవై ఐదు అడుగులు

ఏప్రిల్ ఎండకు నంద్యాల ఊరంతా మగతగా పడి ఉంది. సంజీవనగర్ గేటు దగ్గర మేడ మీది గదిలో డిటెక్టివ్ శ్యాంసుందర్ కుర్చీలో వెనక్కి వాలి, కళ్ళు మూసుకుని ఫ్యాను చప్పుడు వింటున్నాడు. ఆయన నిద్రపోతున్నాడో ఆలోచిస్తున్నాడో చెప్పడం కష్టం. అసిస్టెంటు వాణి మాత్రం, సార్ నిద్రలో కూడా ఆలోచిస్తాడని నలుగురికీ చెబుతూ ఉంటుంది. ఈ ఉద్యోగానికి ముందు ఆమె లెక్కల టీచరు. లెక్కల టీచర్లు ఎవరినీ ఊరికే మెచ్చుకోరు కాబట్టి ఆ మాట నమ్మొచ్చు.

తలుపు తోసుకుని అరవై దాటిన ఒకావిడ లోపలికొచ్చింది. కూర్చోగానే రెండు చేతులూ చీరకొంగు కింద దాచుకుంది.

"నా పేరు ప్రసన్నకుమారి. నరాల డాక్టర్ని."

"మిమ్మల్ని తెలియని వాళ్ళు ఈ ఊళ్ళో ఎవరు మేడం?" శ్యాంసుందర్ కళ్ళు తెరిచాడు. "చేతులెందుకు దాచుకున్నారు?"

"వణుకుతున్నాయి. ఇన్నేళ్ళలో వేలమంది చేతులు పట్టుకు చూశాను. నావి వణకడం ఇదే మొదలు."

వాణి మంచినీళ్ళు అందించింది. డాక్టరమ్మ సగం తాగి, మెల్లగా మొదలుపెట్టింది.

ఆమె పుట్టింది ఆళ్లగడ్డలో. పెద్ద చదువులు చదివి ఇరవై ఏడేళ్ళ కిందట నంద్యాలకు తిరిగొచ్చింది. వచ్చిన కొత్తలో దొర్నిపాడు నుంచి ఒక కోడలిపిల్లను తీసుకొచ్చారు. పొద్దున బిందెలు మోసే మనిషి మధ్యాహ్నానికి కాళ్ళు రాక కూలబడుతోంది. ఇంట్లోవాళ్ళు నాటకమన్నారు. డాక్టరమ్మ ఆ పిల్లను పొద్దున ఆరింటికీ, మధ్యాహ్నం రెండింటికీ ఇరవై ఐదు అడుగులు నడిపించి, స్టాప్‌వాచీతో కొలిచింది. అది మల్టిపుల్ స్క్లెరోసిస్. కరెంటు తీగ మీది తొడుగు చిరిగినట్టు నరాల మీది పొర చిరిగిపోయే జబ్బు. ఒంటికి వేడి తగిలితే ఆ చిరిగిన నరాలు ఇంకా మొరాయిస్తాయి.

"అది చలిదేశాల జబ్బు, మీ సీమలో ఉండదన్నారు పెద్ద డాక్టర్లు. నేను కొలుస్తూ పోయాను. పదేళ్ళకు గానీ నా అంకెలు ఎవరూ చదవలేదు. చదివాక, ఎండలు కాసే ఊళ్ళన్నిట్లో డాక్టర్లు ఇలాగే కొలవడం మొదలుపెట్టారు. నాటకమని తిట్లు తిన్న ఆడవాళ్ళు ఎంతమందో మందు దాకా వచ్చారు."

"ఇప్పుడు?"

"ఎనిమిదేళ్ళుగా ఇంకో పరిశోధన. మనిషి నడక అయిదో వంతు నెమ్మదించి, మళ్ళీ కొలిచినా అలాగే ఉంటే, వాడే మందు ఆపేసి బలమైన మందుకు మారుస్తాం. ఎంత తొందరగా మారిస్తే అంత నడక మిగులుతుంది. నంద్యాలలో నలభై మంది, ఆళ్లగడ్డ క్యాంపులో పద్నాలుగు మంది. ఈ జనవరి నుంచి ఆళ్లగడ్డ వాళ్ళంతా ఉన్నట్టుండి బాగా నడుస్తున్నారు."

"మంచిదే కదా మేడం," అంది వాణి.

"మంచిది కాదమ్మా. ఈ జబ్బులో అలా జరగదు." డాక్టరమ్మ కవరొకటి బల్ల మీద పెట్టింది. పరిశోధనను పర్యవేక్షించే కమిటీ రాసిన ఉత్తరం. అంకెలు మీరే కల్పించారని అనుమానం, పది రోజుల్లో సంజాయిషీ ఇవ్వండి అని ఉంది. "నేను దొంగనని తేలితే ఇరవై ఏడేళ్ళ అంకెలూ చెత్తబుట్టలో పడతాయి. అంతకన్నా, ఈ మందులు పరిశోధన ఉన్నంతవరకే వస్తాయి. యాభై నాలుగు మంది నడక నా సంతకం మీద నిలబడి ఉంది."

శ్యాంసుందర్ ఆవిడ తెచ్చిన ఆళ్లగడ్డ రిజిస్టరు నకలు తీసి వాణి ముందుకు జరిపాడు. వాణి పెన్సిలు చెవిలో దోపుకుని అరగంట అందులో మునిగిపోయింది.

"విచిత్రం సార్. డిసెంబరు నుంచి జనవరికి పద్నాలుగు మందికీ టైము దాదాపు ఆరో వంతు తగ్గింది. నెమ్మదిగా నడిచేవాళ్ళకూ అంతే, చురుకైనవాళ్ళకూ అంతే."

శ్యాంసుందర్ మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు. ఆయన పెదాల మీదికి చిన్న నవ్వు వచ్చింది.

నంద్యాల ఆస్పత్రిలో ముందుగా డాక్టర్ కిరణ్‌ను కలిశారు. ప్రసన్నకుమారి తర్వాత ఈ పరిశోధన నడపాల్సిన కుర్రడాక్టరు. మొహం ముడుచుకునే మాట్లాడాడు.

"అవును, కమిటీకి రాసింది నేనే. దాచిపెడితే రేపు నన్నూ దొంగంటారు."

"మీరు ఆళ్లగడ్డ వెళ్తుంటారా?"

"లేదు. నాది నంద్యాల పనే. ఆళ్లగడ్డలో మేడం మందులు చూస్తారు, నడక సిస్టర్ లూదియా కొలుస్తుంది." నేల చూస్తూ అన్నాడు. "మేడం తప్పు చేసుండరు. కానీ నమ్మకాన్ని రిజిస్టర్లో రాయలేం కదా."

మర్నాడు పొద్దున్నే కారులో బయల్దేరారు. శిరివెళ్ళ దాటాక శనగ కోసేసిన నల్లరేగడి పొలాలు రెండు పక్కలా పరుచుకున్నాయి. దూరంగా నల్లమల కొండలు ఎండమావుల్లో నేలకు ఆనకుండా తేలుతున్నాయి. వాటిని చూస్తూ చూస్తూ వాణికి తను ఏ పనికి పోతోందో కూడా కాసేపు గుర్తు రాలేదు.

ఆళ్లగడ్డ క్యాంపు ఒక పాత హాల్లో జరుగుతుంది. కిటికీలకు తడి గోనెపట్టాలు కట్టారు. ఆ పచ్చటి మసక వెలుతురులో కొత్త నాపబండలు చల్లగా మెరుస్తున్నాయి. రెండు ఎర్ర గీతల మధ్య మనుషులు ఒక్కొక్కరే నడుస్తున్నారు. ఒకామె గోడ పట్టుకుని, ఒకాయన కర్ర ఊతంగా, ఇంకొకామె నీళ్ళలో నడిచినట్టు తేలుతూ. ఎవరూ మాట్లాడటం లేదు. స్టాప్‌వాచీ మాత్రం టిక్కుమంటోంది. వాణికి కల కంటున్నట్టుగా, ఆ కలలో తన కాళ్ళు కూడా బరువెక్కుతున్నట్టుగా అనిపించింది.

లూదియాకు యాభై ఏళ్ళుంటాయి. శ్యాంసుందర్ ఆమె వాచీని వాణి ఫోనుతో పోల్చి చూశాడు. సరిగ్గానే ఉంది. రిజిస్టర్లో ఒక్క కొట్టివేత లేదు.

"నేను గుండీ నొక్కేది, వచ్చింది రాసేది. ఇరవై రెండేండ్లుగా ఇదే పని చేస్తాండా సార్," అంది లూదియా.

"ఈ బండలు ఎప్పుడు పరిచారు?"

"క్రిస్మస్ సెలవుల్లో. పాతవి పగిలిపోయినాయని శేషయ్యన్న పరిచినాడు. శిల్పి. వాళ్ళింటామె కమలాక్షమ్మ ఇదే జబ్బుకు ఈడికే వస్తాది. గీతలు కూడా ఆయప్పే గీసినాడు."

"నువ్వు మళ్ళీ కొలిచావా?"

లూదియా వింతగా చూసింది. "శేషయ్యన్న పరిచిన బండకు టేపు పెడ్తారా సార్? ఈ ఊర్లో శిల్పి కొలిచినాక ఇంకొకరు కొలిస్తే, ఆయప్ప మొగాన ఉమ్మేసినట్లే. అట్ల ఎవురూ చెయ్యరు."

శ్యాంసుందర్ తలూపి, టేపు మాట ఎత్తలేదు. గొడుగు ఊపుకుంటూ హాలు వెనక్కి పోయాడు. అక్కడ పాత బండలు పేర్చి ఉన్నాయి. గొడుగును ఒక బండ మీద అడ్డంగా పెట్టి చూశాడు. లోపలికొచ్చి కొత్త బండ మీదా అలాగే పెట్టాడు. రెండుసార్లూ గొడుగు బండకు సరిగ్గా సరిపోయింది.

ఒక మూల బెంచీ మీద కమలాక్షమ్మ కూర్చుని ఉంది. నలభై ఒకటో ఏట కూడా అందమైన మొహం. పన్నెండేళ్ళ జబ్బు ఆ మొహం జోలికి పోలేదు.

"నడిచేటప్పుడు ఏమనుకుంటారమ్మా?" అడిగాడు శ్యాంసుందర్.

"ఏమీ అనుకోను సార్. నా కాళ్ళకు నేల తెలీదు. కండ్లతో నడుస్తా. ఒక బండ, ఇంకో బండ అని లెక్కబెట్టుకుంటా పోతా. మునుపు పన్నెండు బండలు దాటినాక, పదమూడో బండ మధ్యలో గీత ఉండ్య. ఇప్పుడు పది దాటితే వచ్చేస్తాది. ఇవి పెద్ద బండలేమో."

ఆమె పక్కన నిలబడి ఉన్న శేషయ్య భుజం మీది తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు. హాలు చల్లగానే ఉంది.

గురువారం పొద్దున శ్యాంసుందర్ అందరినీ ఆ హాల్లోనే కూర్చోబెట్టాడు. డాక్టరమ్మ, కిరణ్, లూదియా, శేషయ్య దంపతులు. మిగతా రోగులు బయట వేపచెట్టు నీడలో ఉన్నారు.

"అబద్ధం చెప్పగలిగినవి మూడే," అన్నాడాయన, తొందరేమీ లేని గొంతుతో. "గడియారం, కలం, నేల. గడియారం సరిగ్గా ఉంది. కలం అబద్ధమాడితే మనిషికో రకంగా ఆడుతుంది. తనకు కావలసినవాళ్ళకు ఎక్కువ, కానివాళ్ళకు తక్కువ. ఇక్కడ అందరికీ ఒకే వంతు తగ్గింది. వేసవిలో నంద్యాల వాళ్ళంతా నెమ్మదిస్తుంటే, ఆళ్లగడ్డ వాళ్ళను ఎండ కూడా వెనక్కి లాగలేకపోయింది. ఇక మిగిలింది నేల."

వాణి అందుకుంది. "పాత బండా రెండడుగులే, కొత్త బండా రెండడుగులే. మునుపు పన్నెండున్నర బండలు, అంటే ఇరవై ఐదు అడుగులు. ఇప్పుడు పదిన్నర. ఇరవై ఒకటే. తగ్గింది ఆరో వంతు."

"గీత మునుపటిలాగే బండ నడిమధ్యన ఉంది కాబట్టి ఎవరికీ తేడా తెలియలేదు," అన్నాడు శ్యాంసుందర్. "పైగా తన కొలతకు ఈ ఊళ్ళో ఎవరూ టేపు పెట్టరని ఆ మనిషికి తెలుసు. శేషయ్యా, నీ అంతటి పనివాడు పొరపాటున రెండు బండలు మర్చిపోడు."

శేషయ్య లేచి నిలబడ్డాడు. బుకాయించలేదు.

"నేనే జేసినా. డిసెంబర్లో ఈమెకు పద్దెనిమిది సెకండ్లు వచ్చింది. మళ్ళీ పద్దెనిమిది దాటితే మందు ఆపేస్తారని లూదియమ్మ చెప్పింది. మందు ఆగితే మనిషి మంచాన పడినట్లే గదా. ఈమెను బేగా నడిపిచ్చేది నాకు చాత కాదు. అందుకే నేలను దగ్గరికి దెచ్చినా."

లూదియా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తను ఎంతవరకు చెప్పిందో, ఎక్కడ ఆపిందో ఆమెకు అప్పుడు గుర్తొచ్చింది.

తడి గోనెల లోంచి గాలి వస్తోంది.

"మందు ఆపేది మార్చడానికి, శేషయ్యా," అంది డాక్టరమ్మ. "ఇంతకంటే బలమైన మందు ఉంది. గీత ఉన్నచోటే ఉండుంటే కమలాక్షమ్మకు జనవరిలోనే ఇచ్చేదాన్ని. నువ్వు తెచ్చిచ్చిన ఆ మంచి అంకెలు చూసి నేను ఊరుకున్నాను."

శేషయ్య ఉన్నచోటే బండల మీద కూర్చుండిపోయాడు.

"ఈ నాలుగు నెలల్లో పోయిన నడక తిరిగొస్తాదా మేడం?"

ప్రసన్నకుమారి ఏ రోగికీ ఎన్నడూ అబద్ధం చెప్పలేదు. "రాదు. ఉన్నది పోకుండా చూస్తాను."

ఆయన ఏడ్చాడు. రాతికి అలవాటుపడిన మనిషి ఏడవడం చూడలేక వాణి కిటికీ వైపు తిరిగింది. డాక్టరమ్మ తనూ కింద కూర్చుంది.

"తప్పు నీ ఒక్కడిది కాదు. ఇరవై ఏడేళ్ళు మిమ్మల్ని నడిపించాను, కొలిచాను, ఆ అంకెలు ఎక్కడెక్కడి వాళ్ళకో చెప్పి పేరు తెచ్చుకున్నాను. ఎందుకు కొలుస్తున్నానో మీకు కూర్చోబెట్టి చెప్పలేదు. కమిటీకి ఆ సంగతి కూడా రాస్తాను."

"అంకెలు కల్పితం కాదు మేడం," అన్నాడు కిరణ్. అతని గొంతులో మొన్నటి బిరుసు లేదు. "దూరం తప్పు, అంతే. ఇరవై ఒక్క అడుగులని రాసి, ఇప్పుడందర్నీ సరైన దూరం నడిపిద్దాం. మిగతా ఏళ్ళకు ఏ మచ్చా రాదు. నేనూ సంతకం పెడతాను."

కమలాక్షమ్మ మొగుడి వైపు చూసింది.

"నడిచేది నేను. నన్నొక మాట అడిగింటే ఏమయ్యేది?"

లూదియా టేపు తెచ్చింది. కిరణ్ పదమూడో బండ మధ్యలో సుద్దతో గీత గీశాడు. వాచీని ఈసారి డాక్టరమ్మే చేతిలోకి తీసుకుంది. ఆ చెయ్యి వణకలేదు.

కమలాక్షమ్మ బెంచీ పట్టుకుని లేచింది. శేషయ్య సాయం పట్టబోతే వద్దని చేత్తోనే ఆపింది. ఒక్కో బండా కళ్ళతో పట్టుకుని నడిచింది. పదో బండ దాటాక కాలు ఈడ్చింది, ఒక్క క్షణం ఊగింది, నిలదొక్కుకుంది. ఎర్ర గీత దాటి, ఆ మిగిలిన రెండు బండలూ నడిచి, సుద్దగీత మీద నిలబడి ఊపిరి పీల్చుకుంది.

"ఎంత వచ్చె మేడం?"

"ఇరవై ఒక్క సెకన్లు."

"నిజందేనా?"

"నిజందే."

"ఐతే మందు మార్చండి," అంది కమలాక్షమ్మ.